రెండు చేతులకూ ఒకటే కబురు

నా కుడి చెయ్యి ఏ పని చేస్తే ఎడమ చెయ్యి కూడా అదే పని చేస్తుంది. చెయ్యమని నేను చెప్పను. వద్దనుకున్నా ఆగదు. కుడిచేత్తో పేరు రాస్తుంటే ఎడమచేతి వేళ్ళు పెన్ను లేకుండానే బల్ల మీద అదే రాత తిరగేసి రాస్తుంటాయి. పళ్ళు తోముకుంటుంటే ఖాళీ చెయ్యి గాల్లో ఊగుతుంది. అన్నం తింటూ ఎడమచేత్తో గ్లాసు పట్టుకున్నానంటే, ముద్ద కలిపినప్పుడల్లా అందులో నీళ్ళు తొణికి చీర మీద పడతాయి. నలభై దాటేదాకా దీనికి ఒక పేరుందని నాకు తెలియదు.

మా ఇంట్లో ఇది వింత కాదు. మా నాయినకూ ఉంది. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో చీరల దుకాణం. బిల్లు రాసేటప్పుడు ఎడమ అరచేతిని కౌంటర్ మీద గట్టిగా అదిమిపెట్టి రాసేవాడు. చీర పరిచి చూపించడంలో మాత్రం ఆ సందులో ఆయనంతటివాడు లేడు. మడత అంచులు రెండు చేతులా పట్టుకొని ఒక్క విసురు విసిరితే అయిదున్నర గజాల చీర చాప మీద పరుచుకునేది. ఆ పనికి రెండు చేతులూ ఒకేసారి ఒకేలా కదలాలి. అందులో నాయినకు ఏ ఇబ్బందీ లేదు.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక టీచర్ నా ఎడమచేతి మీద స్కేలుతో కొట్టింది. రాస్తుంటే చెయ్యి కదలకుండా పెట్టుకోమని చెప్పిందట, నేను వినలేదట. ఇంటికొచ్చాక అమ్మ చూసి, "చేతులు ఊపకుండ కూసోరాదా?" అని నన్నే కోప్పడింది. నాయిన మర్నాడు దుకాణం ఆలస్యంగా తెరుద్దామనుకొని నాతో బడికి వచ్చాడు.

"మేడం, గది దాని చేతిల లేదు" అన్నాడు టీచర్‌తో.

"దాని చేతిలో లేకపోతే ఇంకెవరి చేతిలో ఉందండీ?" అంది ఆమె. ఆమె కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది.

నాయిన "జర కొట్టకుండ చూడుండ్రి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దుకాణంలో ఎవరూ లేనప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తన సంగతి చెప్పాడు.

మాది పోచంపల్లి వైపు మగ్గాల ఊరు. మా తాత పేరున్న నేతగాడు. అక్కడి చీర మీద బొమ్మ మగ్గం ఎక్కకముందే దారంలో తయారవుతుంది. దారాల కుచ్చును ఎడమచేత్తో కదలకుండా పట్టుకొని, కుడిచేత్తో రబ్బరు పీలిక బిగించి చుట్టాలి. రంగులో ముంచితే కట్టిన చోట రంగు ఎక్కదు. నాయిన కడితే మాత్రం ఎక్కేది. కుడి చెయ్యి పీలికను చుట్టినప్పుడల్లా ఎడమచేతి వేళ్ళూ తిరిగి దారాలు వదులైపోయేవి. మగ్గం మీదా అంతే. కుడిచేత్తో తాడు లాగి, దారం మోసే నాడెను అటునుంచి ఇటు పరిగెత్తించాలి, ఎడమచేత్తో పోగును దగ్గరికి కొట్టాలి. రెండు చేతులకు రెండు వేరువేరు పనులు. నాయిన చేతులు ఒక పనే చేస్తాయి.

"మీ తాత నేను ఎక్కిరిస్తున్న అనుకునేటోడు" అన్నాడు నాయిన. "ఆయన చూపెట్టినట్టు ఒక చెయ్యి చేస్తుంటే రెండో చెయ్యి దాన్ని ఎక్కిరిచ్చినట్టే ఉంటది గద. కోపమొచ్చి తన్నేటోడు. పదెనిమిదేండ్లు రాంగనే ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. చీరలు కొననీకి వచ్చే సావుకారి ఎంట పట్నం వచ్చిన."

"మరి నానమ్మ ఏమనలేదా?"

"అమ్మ ఎన్నడు ఏమన్నది?" అన్నాడు.

ఆ తర్వాత నేను నోటుబుక్కు అంచును ఎడమచేత్తో గట్టిగా పట్టుకొని రాయడం అలవాటు చేసుకున్నాను. వేళ్ళు నొప్పిపుట్టేవి కానీ ఎవరికీ కనిపించేది కాదు. డిగ్రీ అయింది, బీఈడీ అయింది. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్‌గా చేరాను. బోర్డు మీద రాసేటప్పుడు ఎడమచేతిలో పుస్తకం ఉంచుకుంటాను. పుస్తకం కొద్దిగా ఊగుతుంటే పిల్లలు నేను తాళం వేసుకుంటున్నాననుకుంటారు. పద్యాలు చెప్పే టీచర్‌ని కాబట్టి ఆ అనుమానం నాకు పనికొచ్చింది.

పెళ్ళయ్యాక మా ఆయన దీన్ని గమనించి, అలవాటు అనుకొని వదిలేశాడు. అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నాక స్కూలుకు వెళ్ళడం తిప్పలైంది. ఆటో కోసం నిలబడాలి, దిగి బస్సు కోసం నిలబడాలి. "నీకు ఒక స్కూటీ ఉంటే పరేషాని ఉండదు" అని ఆయనే కొన్నాడు. ఒక ఆదివారం పొద్దున మా ఇంటి వెనక ప్లాట్ల మధ్య ఖాళీ రోడ్డు మీద నేర్పడానికి తీసుకెళ్ళాడు.

బండి మీద కూర్చున్నాను. కుడి పిడికిలి మెల్లగా తిప్పమన్నాడు. తిప్పాను. బండి కదలగానే ఎడమ పిడికిలి కూడా తిరగబోయింది. అటువైపు పిడి తిరగదు కాబట్టి నా బలమంతా హ్యాండిల్ మీద పడి బండి పక్కకు గుంజుకుపోయింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అంతే. మూడోసారి కడుతున్న ఇంటి ముందున్న ఇసుక కుప్పలోకి పోయి ఆగాను.

"ఎడమ చెయ్యి ఏం చేస్తున్నవ్? గది ఊకె పట్టుకోవాలె" అన్నాడు ఆయన ఉరికొచ్చి.

"ఊకెనే పట్టుకున్న. అదే తిరుగుతుంది."

ఆయనకు నవ్వొచ్చింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఇద్దరం ఆ ఇసుక మీదే కూర్చున్నాం. "ఏది, కుడి చెయ్యి ఒక్కటే మూసి తెరువు" అన్నాడు. మూసి తెరిచాను. ఎడమది కూడా ఒళ్ళో మూసుకొని తెరుచుకుంది. "ఎడమది ఆపి చెయ్యి" అన్నాడు. పళ్ళు బిగబట్టి ప్రయత్నించాను. కదలిక కొంచెం తగ్గింది, ఆగలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా చేతుల వైపు అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"గిది అలవాటు కాదు. డాక్టర్‌కు చూపెడదాం" అన్నాడు.

మలక్‌పేటలో నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. చిన్న వయసు ఆవిడ, మాట తీరు గుంటూరు వైపుది. నా కుడిచేతి బొటనవేలితో మిగతా వేళ్ళను ఒక్కొక్కటే తాకమంది. చూపు మాత్రం ఎడమచేతి మీద పెట్టింది. నడిపించింది, కళ్ళు తిప్పించింది, స్కానింగ్ తీయించింది. "చిన్నపిల్లలందరికీ ఇది కొంచెం ఉంటుందండీ. పెరిగేకొద్దీ పోతుంది. మీకు పోలేదు. వీటిని మిర్రర్ మూవ్‌మెంట్స్ అంటారు. అద్దంలో కనిపించినట్టు కదలడమన్నమాట. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాయినకు ఉంది."

ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "ఆయన్ని తీసుకురాగలరా? ఇద్దరికీ రక్తపరీక్ష చేయిద్దాం. భయపడేదేం కాదు, మందులు మింగాల్సిందీ కాదు. కానీ ఎందుకిలా ఉందో తెలిస్తే మీకే మంచిది."

ఇంటికి వచ్చే దారంతా ఆ పేరునే మనసులో అనుకుంటూ వచ్చాను. ఒక పేరు పెట్టారంటే అది నా ఒక్కదానిదీ, మా నాయిన ఒక్కడిదీ కాదన్నమాట. ఎక్కడో మాకు తెలియని మనుషులు కూడా ఎడమ అరచేతిని బల్లకు అదిమిపెట్టుకొని రాస్తున్నారన్నమాట. ఏడుపు వచ్చింది. బాధతో కాదని మా ఆయనకు చెప్పడానికి కొంచెం సేపు పట్టింది.

నాయిన మాత్రం రానన్నాడు. "డెబ్బై దాటినయ్. గిప్పుడు నాకు దవాఖాన ఎందుకు బిడ్డా?"

"రోగం కాదట నాయినా. పుట్టుకతో వచ్చిందట. రక్తంల ఉంటదట."

ఆయన మడత పెడుతున్న చీరను వదిలేశాడు. "అంటే నీకు గిది నా తానికెల్లే వచ్చిందా?"

అవునంటే ఆయనకు నొప్పి, కాదంటే అబద్ధం. "నీ ముక్కు కూడా వచ్చింది" అన్నాను. ఆయన నవ్వలేదు. కానీ మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొని దుకాణం ముందు నిలబడి ఉన్నాడు.

పరీక్ష ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ రోజు డాక్టరమ్మ మాకు తీరిగ్గా చెప్పింది. నాకు చెప్పడం మొదలుపెట్టి, నాయిన చెవి ఒగ్గి వింటున్నాడని గమనించి కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు నరాల కణాల్లోంచి సన్నని పోగులు బయల్దేరతాయండీ. ఒక్కోటి ఎక్కడికో చాలా దూరం పోవాలి. దాని కొసకు కళ్ళుండవు కదా, మరి దారి ఎలా తెలుస్తుంది? కణం పైపొర మీద కొన్ని ప్రొటీన్లు బయటికి పొడుచుకొని ఉంటాయి. బయట ఏముందో పసిగట్టి లోపలికి కబురు చెప్పడం వాటి పని. అలాంటి ఒకదాని పేరు డీసీసీ. మెదడుకు, వెన్నుపాముకు కుడి ఎడమల మధ్య ఒక గీత ఉందనుకోండి. అక్కడి కణాలు ఒక పదార్థాన్ని వదులుతుంటాయి. డీసీసీ దాన్ని పట్టుకుందంటే పోగు అటు తిరుగుతుంది, గీత దాటి అవతలి వైపుకు పోతుంది. అలా దాటతాయి కాబట్టే మెదడు ఎడమ సగం కుడి చేతిని ఆడిస్తుంది, కుడి సగం ఎడమ చేతిని ఆడిస్తుంది."

"మరి మాకు?" అన్నాడు నాయిన.

"ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువులు ప్రతి మనిషికీ రెండు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మీ ఇద్దరికీ అందులో ఒకటి పనిచెయ్యట్లేదు. కాబట్టి డీసీసీ సరిపడా తయారవలేదు. కొన్ని పోగులు గీత దాటాయి, కొన్ని దాటకుండా ఇటువైపే ఉండిపోయాయి. మెదడు కుడి చేతికి పంపిన కబురు రెండు చేతులకూ అందుతోంది. అన్నీ మాకు తెలిసిపోయాయని చెప్పను కానీ, ఇంతవరకూ తెలిసింది ఇది."

నాయిన తన రెండు చేతులూ బల్ల మీద పెట్టుకొని చూసుకున్నాడు. "గా గీత కాడ ఉన్నదాని పేరేంది?"

"నెట్రిన్ అండీ. సంస్కృతంలో నేత అంటే దారి చూపేవాడు కదా, దాన్నుంచి పెట్టారట ఆ పేరు."

"నేతనా? మా నేతనే?" అన్నాడు నాయిన అదిరిపడి.

ఆవిడకు అర్థం కాలేదు. మేం మగ్గాల వాళ్ళమని నేను చెప్పాను. అప్పుడు ముగ్గురం నవ్వాం. నాయిన అందరికంటే ఎక్కువసేపు నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

లేవబోతుంటే ఆవిడ ఇంకో మాట అంది. నాయినకు కూడా ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉండే అవకాశం ఎక్కువట. ఆయనతోనే కొత్తగా మొదలై ఉండొచ్చు కూడా. కొందరిలో ఇది ఉన్నా చేతులు మామూలుగానే ఉంటాయట.

"మా నాయినకు లేకుండె" అన్నాడు నాయిన వెంటనే. "ఆయన చేతులు బంగారం." తలుపు దాకా వచ్చి, "అమ్మ సంగతి ఎరుక లేదు" అన్నాడు.

ఆ మాట ఆయన్ని వదల్లేదు. రెండు రోజుల తర్వాత తానే ఫోన్ చేసి, "అక్క తానికి పోదాం, వస్తవా?" అన్నాడు. మా మేనత్త తుర్కయంజాల్‌లో కొడుకు ఇంట్లో ఉంటుంది. ఎనభై దగ్గర పడింది. నడక తగ్గింది కానీ జ్ఞాపకం తగ్గలేదు. పెళ్ళయ్యేదాకా నానమ్మతో కూర్చొని ఆసు పోసింది ఆమే. ఆసు అంటే మేకులు దిగ్గొట్టిన చెక్క చట్రం. నడిమి మేకు నుంచి అంచు మేకులకు, అక్కడినుంచి మళ్ళీ నడిమికి, పొద్దంతా ఒక చేత్తో దారం తిప్పుతూ ఉండాలి.

నాయిన కూర్చోగానే అడిగేశాడు. "అక్కా, అమ్మ చేతులు కూడా నా చేతుల్లెక్కనే ఉండెనా?"

కోడలు తెచ్చిన చాయ్‌ని మేనత్త పక్కకు పెట్టింది.

"ఆసు పోసేటప్పుడు ఎడమ చేతికి కొంగు చుట్టి ఒళ్ళె పెట్టుకునేది" అంది. "చలి అనేది. ఎండాకాలం గూడ చలి అనేది. ఒకనాడు కొంగు జారితే చూసిన. ఒళ్ళె చెయ్యి కూడ ఆసు పోస్తుంది తమ్మీ. దారం లేదు, ఒట్టి చెయ్యి పోతుంది, వస్తుంది."

"నాకెందుకు చెప్పలే?"

"అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు వాళ్ళత్త చూసి, గీ చేతులు మగ్గం ఇంటికి పనికిరావు అన్నదట. గప్పటిసంది దాచుకున్నది. నాయినకు సుత తెల్వది."

నాయిన కుర్చీ అంచుకు జరిగాడు. "నన్ను నాయిన కొడుతుంటే ఆమెకు ఎరుకనే ఉండె. నేను ఎక్కిరిస్తలేనని ఎరుకనే ఉండె. అయినా చూసుకుంట కూసున్నదా?"

"కూసోలే" అంది మేనత్త. ఆమెకూ కోపం వచ్చింది. "నిన్ను సావుకారి ఎంట పంపింది ఎవలనుకున్నవ్? నాయిన ఎల్లగొట్టిండని నువ్వు గిన్నేండ్లు చెప్పుకున్నవ్. నాయిన కోపానికి పొమ్మన్నడు, తెల్లారితే మర్చిపోయేటోడే. అమ్మనే సావుకారిని పెరట్లకు పిలిచి చెప్పింది. వీన్ని మగ్గం కాడ కూసోబెట్టకు, చీరలు పరిచే పని ఇయ్యి, గా పనిల రెండు చేతులు ఒక్క తీరే ఆడాలె, వీనికి సరిపోతది అన్నది. నేను పక్కకే ఉన్న. నువ్వు పోయినంక బావి గట్టు మీద కూసోని ఏడ్చింది. గా కొంగు గూడ చుట్టుకోలే ఆనాడు."

నాయిన లేచి బయటికి వెళ్ళాడు. గేటు దగ్గర నిలబడి సాగర్ రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ ఉండిపోయాడు. నేను వెళ్ళబోతే మేనత్త ఆపింది. "పోనీ. వాడు కొంచెంసేపు ఒక్కడే ఉండనీ" అంది.

బస్సులో ఎల్బీనగర్ దాకా ఆయన ఒక్క మాటే అన్నాడు. "చెప్పుంటే ఏమయ్యేది?" నాకు కాదు, కిటికీకి అన్నాడు. నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను. నానమ్మ చెప్పి ఉంటే దెబ్బలు తప్పేవేమో. లేదా ఆ ఇంట్లో పనికిరాని చేతులు రెండు జతలయ్యేవేమో. అప్పుడు కొడుకు కోసం ఎవరినైనా పెరట్లోకి పిలిచి మాట్లాడే చెల్లుబాటు ఆమెకు మిగిలేదా? నాకు తెలియదు. ఆమె భయపడింది, భయపడుతూనే చెయ్యగలిగింది చేసింది. రెండూ నిజమే అనిపిస్తుంది నాకు. నాయినకు అప్పుడు మొదటిదే కనిపించింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆయన మేనత్తతో మాట్లాడలేదు. దుకాణంలో నాతో కూడా పొడిగానే ఉన్నాడు. ఎప్పుడైనా వెళ్తే చేతిలో చీర ఉంచుకొని ఊరికే కూర్చొని కనిపించేవాడు. చనిపోయిన మనిషి మీద కోపం వస్తే దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియక అట్లా ఉన్నాడనుకున్నాను.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దాని చేతులు మామూలుగానే ఉన్నాయి. అయినా లోపల ఉండొచ్చని డాక్టరమ్మ అంది కాబట్టి దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. పరీక్ష చేయించుకుంటావా అని అడిగాను. "ఇప్పుడొద్దమ్మా, నాకు తెలుసుకోవాలని అనిపించినప్పుడు నేనే అడుగుతా" అంది. సరేనన్నాను. ఇది దాచుకునే విషయం కాదని దానికి తెలిసింది, నాకు అది చాలు. స్కూటీ ఇప్పుడు అదే నడుపుతుంది. నన్ను స్కూలు దగ్గర దింపి కాలేజీకి పోతుంది. వెనక కూర్చున్నప్పుడు నా చేతులకు ఏ పనీ ఉండదు.

మొన్న ఒక మధ్యాహ్నం స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో ఉండగా నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, గా ప్రొటీన్ పేరేంది? నాకు యాదికి వస్తలేదు."

"డీసీసీ నాయినా. ఎందుకు?"

"అక్క అడుగుతుంది" అన్నాడు. అంటే తుర్కయంజాల్ వెళ్ళాడన్నమాట, నాతో ఒక మాటైనా అనకుండా. ఇవతలికి, ఆయన ఆ ప్రొటీన్ పేరును రెండుసార్లు పలికి చూసుకోవడం వినిపించింది. ఆ వెంటే మేనత్త గొంతు. "ఇంగిలీషుల వద్దు, తెలుగుల చెప్పమను."

ఫోన్ ఆమె చేతికి వచ్చింది. "తెలుగులో దానికి పేరు లేదత్తా" అన్నాను.

"పేరు లేకుంటే లేకపాయె. ఏం పని చేస్తదో చెప్పు. మీ నాయిన చెప్తే సగమే సమజైంది."

నేను కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కొని, తల్లి కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు ఏమవుతుందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను. మధ్యమధ్య ఆమె "ఊఁ" అంటుంటే, వెనక నుంచి నాయిన, "గదే నేను చెప్పింది" అంటున్నాడు.